నడుము మీద చెయ్యి వేసే ముందు: ప్రభుత్వాసుపత్రిలో కైరోప్రాక్టిక్ పద్ధతి

(ఒంగోలులో ప్రభుత్వ ఫిజియోథెరపిస్టులు, పీహెచ్‌సీ వైద్యులు, విలేజ్ హెల్త్ క్లినిక్ సిబ్బంది ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం ప్రాక్టికల్ ఉంది కాబట్టి మాటల పని ఈ గంటలోనే తేల్చేద్దాం. వెనక కూర్చున్న సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అమ్మాయిలు కాస్త ముందుకు రండమ్మా. ఇందులో సగం మీ కోసమే.

ఈ మధ్య ఓపీకి వచ్చేవాళ్ళు ఫోన్లో వీడియో చూపించి మరీ అడుగుతున్నారు. "మెడ పట్టుకొని ఒక్క తిప్పు తిప్పితే టక్ మంటదంట, నొప్పి పోతదంట, అట్టా మీరు చేస్తారా సార్?" అని. చేస్తామనీ చేయమనీ ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదది. ఆ పద్ధతి పేరు కైరోప్రాక్టిక్, అంటే వెన్ను కీళ్ళను చేత్తో తోసి, కదిలించి చేసే వైద్యం. అందులో పనికొచ్చేది ఉంది. దాని చుట్టూ అల్లిన కథల్లో పనికిరానిది చాలా ఉంది. పైగా మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో ఆ తిప్పు తిప్పితే మనిషి మంచాన పడే వెన్నులు ఉన్నాయి. అందుకే ఎట్లా చేయాలన్నది తర్వాత చూద్దాం. ఎవరికి చేయకూడదన్నది ముందు చెప్తాను.

దీని పుట్టుక క్లుప్తంగా. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డేనియల్ డేవిడ్ పామర్ దీన్ని మొదలుపెట్టాడు. వెన్నుపూస కొంచెం పక్కకు జరిగితే నరం నొక్కుకుంటుంది, సమస్త రోగాలకూ అదే మూలం అని ఆయన వాదన. దానికి సబ్‌లక్సేషన్ అని పేరు. జబ్బులకు అది కారణమని చెప్పుకోవడానికి క్లినికల్ ఆధారం లేదని బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో చెప్పింది. కాబట్టి "మీ ఎముక జరిగింది, సరిచేశాను" అనే మాట మన నోట రాకూడదు. టక్ మనే శబ్దం కీలు లోపలి ద్రవంలో వాయువు ఖాళీ ఏర్పడటం వల్ల వచ్చేది. 2015లో వేలి కణుపు లాగుతూ ఎంఆర్‌ఐ తీస్తే ఆ ఖాళీ ఏర్పడటం కనిపించింది కూడా. ఒకసారి శబ్దం వచ్చిన కీలు మళ్ళీ దాదాపు ఇరవై నిమిషాల దాకా శబ్దం చేయదు. శబ్దం రాలేదని రెండోసారి, మూడోసారి బలంగా నొక్కేవాళ్ళు ఉన్నారు. శబ్దానికీ ఫలితానికీ లంకె లేదు. ఆ పని దయచేసి చేయకండి.

ప్రజారోగ్య వ్యవస్థలో దీన్ని ఎట్లా ఇముడ్చుకున్నారో రెండు మూడు దేశాల సంగతి చూద్దాం. అన్నిటికంటే తెలివైన పని డెన్మార్క్ చేసింది. అక్కడ 1990ల మొదట్లోనే కైరోప్రాక్టర్‌కు చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చారు. ఓడెన్స్‌లోని యూనివర్సిటీలో 1994 నుంచి ఆ చదువు ఉంది. మొదటి ఏళ్ళలో ఎంబీబీఎస్‌తో సమానమైన వైద్య విద్యార్థుల పక్కనే వీళ్ళూ కూర్చుని చదువుతారు. ఫీజులో కొంత ప్రభుత్వం భరిస్తుంది, మిగతాది రోగి కట్టుకుంటాడు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2004 నుంచి వీళ్ళు జీతం మీద పనిచేస్తున్నారు. రోగి ఫైలు ఒకటే. డాక్టరు రాసింది కైరోప్రాక్టర్‌కు కనిపిస్తుంది, ఈయన చేసింది ఆయనకు కనిపిస్తుంది. కెనడాలో ఒంటారియో మాత్రం అప్పటిదాకా ఇస్తున్న ప్రభుత్వ చెల్లింపును 2004లోనే ఆపేసింది. అదే ఏడు ఒకచోట తలుపు తెరిచారు, ఇంకొకచోట మూశారు. నిలబడ్డ చోట్ల మటుకు మూడు కనిపిస్తాయి: ఉమ్మడి చదువు, ఉమ్మడి ఫైలు, నడుము మెడ దాటి గొప్పలు చెప్పుకోకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కైరోప్రాక్టర్ శిక్షణకు కనీసం 4,200 గంటలు ఉండాలంది, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులతో. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాళ్ళు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు వేరే కౌన్సిల్ లేదు. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఆ పేరుతో పోస్టూ లేదు. 2021లో వచ్చిన జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో ఫిజియోథెరపీకి చోటు ఉంది. కాబట్టి ఇక్కడ ఈ పని చేతిలోకి తీసుకోవలసింది మాన్యువల్ థెరపీలో, అంటే చేతులతో చేసే చికిత్సలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టే. పేరు ఏదైతేనేం, పద్ధతి మనకు కావాలి.

సరే, అసలు విషయం. ఎవరి వెన్ను ముట్టుకోకూడదు?

మొదటిది ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు. ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వర్ణించింది 1937లో, షార్ట్, ఆయన సహచరులు. ఆ రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లావాళ్ళు. కనిగిరి, పొదిలి ఆనాడు నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాయి. 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెడితే మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. అంటే ప్రపంచంలో ఏ కైరోప్రాక్టిక్ పుస్తకమూ రెండు లైన్లకు మించి రాయని జబ్బు మన ఓపీలో బెంచీ మీద కూర్చొని ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. ముందు ఊరు అడగండి. పుట్టిన ఊరు, చిన్నప్పుడు తాగిన నీళ్ళు. ఇప్పుడు ఒంగోల్లో ఆటో నడుపుతున్నా, పన్నెండేళ్ళ దాకా పొదిలి పక్క పల్లెలో బోరింగు నీళ్ళు తాగి ఉంటే చాలు. తర్వాత నోరు తెరవమనండి. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, గుంటలు ఉన్నాయేమో చూడండి. గుట్కా మరక తోమితే కొంత పోతుంది, ఇది పోదు. పైగా ఇది జంట పళ్ళ మీద, అటూ ఇటూ ఒకే తీరుగా ఉంటుంది. పెద్దయ్యాక ఆ నీళ్ళ ఊరికి కాపురానికి వచ్చిన కోడళ్ళకు పళ్ళు తెల్లగానే ఉంటాయి. ఎముకలు మాత్రం పాడై ఉండొచ్చు. కాబట్టి పళ్ళు బాగున్నాయని వదిలేయొద్దు.

తర్వాత మూడు పనులు చేయించండి. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు అందుకోమనండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ పక్కకు చాపి, మోచేతులు మడిచి తల వెనక పెట్టమనండి. నిమిషం పట్టదు. కుర్చీ కూడా అక్కర్లేదు. మామూలు నడుంనొప్పి మనిషికి మొదటిది కష్టంగా ఉంటుంది, మిగతా రెండూ సాఫీగా వస్తాయి. ఫ్లోరోసిస్ మనిషికి మూడూ కుదరవు. మెడ తిప్పమంటే ఒళ్ళంతా తిప్పుతాడు. "నడుం పట్టేసిందయ్యా" అంటాడు గానీ పట్టేసింది నడుము ఒక్కటే కాదు.

అనుమానం వస్తే నడుము ఎక్స్‌రేతో పాటు ముంజేయి ఎక్స్‌రే కూడా రాయించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో అది సున్నం పట్టి ముళ్ళు ముళ్ళుగా కనిపిస్తుంది. వెన్ను ఎక్స్‌రేలో పూసలు మామూలు కంటే తెల్లగా, సుద్దముక్కల్లా ఉంటాయి. పూసల్ని కలిపే లిగమెంట్లు కూడా తెల్లబడి ఉంటాయి. తెల్లగా ఉంటే ఎముక గట్టిగా ఉన్నట్టు అనుకుంటారు. అది మందంగానే ఉంటుంది, పెళుసుగా కూడా ఉంటుంది.

అటువంటి వెన్ను మీద తోపు, అంటే చేత్తో ఒక్కసారిగా చురుగ్గా తోయడం, పెడితే ఏమవుతుంది? మామూలు కీలు మిల్లీమీటరో రెండో కదిలి ఆ బలాన్ని మింగుతుంది. ఇక్కడ కదిలే కీలే లేదు. బలమంతా అతుక్కున్న పూసల చివర, ఇంకా కాస్త కదులుతున్న చోట పడుతుంది. ఈ లోపల వెన్నుపాము వెళ్ళే కాలువ ఇప్పటికే ఇరుకై ఉంటుంది, ముఖ్యంగా మెడ దగ్గర. వెన్నుపాముకు అటూ ఇటూ జరగడానికి చోటు ఉండదు. అందుకే ఈ మనిషికి నడుంనొప్పి ఉన్నా మెడ నుంచి పరీక్ష మొదలుపెట్టాలి. మోకాలి రిఫ్లెక్స్ ఎగిరిపడుతోందా, పాదం అడుగున గీస్తే బొటనవేలు పైకి లేస్తోందా, నడుస్తుంటే కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటున్నాయా? వీటిలో ఒక్కటి ఉన్నా జీజీహెచ్‌కు, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రికి పంపాలి. లేకపోయినా తోపు మాత్రం లేదు. నెమ్మదిగా కీళ్ళు కదిలించే వ్యాయామం, కాపడం, నీళ్ళ మార్పు, కాల్షియం తిండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. ఆ ఊరి నీళ్ళు పరీక్ష చేయించే పని ఏఎన్‌ఎం ద్వారా మొదలుపెట్టొచ్చు.

రెండోది వెన్ను టీబీ. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్, కటింగ్ చేసినవాళ్ళు, మార్కాపురం పలకల పనిలో ఉన్నవాళ్ళు రాతి ధూళి పీల్చినవాళ్ళు. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, సిలికా పీల్చిన ఊపిరితిత్తికి టీబీ ముప్పు ఎక్కువ. ఈ మనిషి నడుంనొప్పితో వస్తే మనం సహజంగా "బరువులెత్తే పని కదా" అనుకుంటాం. అక్కడే దెబ్బతింటాం. రెండు నెలలుగా సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి, వెన్ను మధ్యలో ఒక్క పూస మీద వేలితో తడితే ఉలిక్కిపడటం: ఇవి అడగాలి, తట్టి చూడాలి. దగ్గు లేకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు. వెన్ను ఎక్స్‌రేలో కూడా పూస బాగా తినేసిన తర్వాతే కనిపిస్తుంది. అనుమానం బలంగా ఉంటే ఎంఆర్‌ఐకి పంపాలి. కుళ్ళిన పూస మీద నొక్కితే చీము వెనక్కి, వెన్నుపాము మీదికి వెళ్తుంది.

మూడోది ఎముకలు పలచబడ్డవాళ్ళు. ఇక్కడ ఆడవాళ్ళను ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: "గర్భసంచి ఆపరేషన్ అయిందామ్మా? ఎన్నో ఏట?" గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో మన రాష్ట్రం దేశంలోనే ముందుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ముప్పై ఐదేళ్ళకే అండాశయాలతో సహా తీసేసి ఉంటే, యాభై ఏళ్ళకు ఆమె ఎముకలు డెబ్బై ఏళ్ళ మనిషివిలా ఉండొచ్చు. రెండో ప్రశ్న సూదుల గురించి. కీళ్ళనొప్పులకని ఊళ్ళో వారానికో సూది, పొట్లాల్లో మాత్రలు ఏళ్ళ తరబడి వాడి ఉంటారు. వాటిలో స్టిరాయిడ్ ఉండే అవకాశం చాలా ఉంది. "డెక్సా" అనే పేరు వాళ్ళకే తెలిసి ఉంటుంది, అడగండి. ఇటువంటి మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కితే పక్కటెముక విరుగుతుంది. గుండె వాల్వు ఆపరేషన్ అయి రక్తం పలచబడే మందు, అంటే వార్ఫరిన్, ఆసిట్రోమ్ వంటివి వాడేవాళ్ళకూ తోపు లేదు.

నాలుగోది అత్యవసరం. రెండు కాళ్ళలో తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గడం. పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు పెద్ద ముక్క జారి కింది నరాల కట్టను నొక్కేసినప్పుడు ఇట్లా అవుతుంది. ఇది అడగడానికి సిగ్గుపడతాం, చెప్పడానికి వాళ్ళూ సిగ్గుపడతారు. ఇట్లా అడగండి: "కడుక్కునేటప్పుడు అక్కడ చెయ్యి తగిలినట్టు తెలుస్తోందా?" ఎవరైనా జవాబు చెప్తారు. తెలియడం లేదంటే ఆ రోజే 108 ఎక్కించి పంపాలి. రేపు ఓపీకి రమ్మనడం కాదు. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

ఇక మెడ. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ప్రభుత్వాసుపత్రి ఓపీలో మెడ మీద వేగంగా తిప్పే తోపు అసలు వద్దు. మెడ పూసల్లోంచి మెదడుకు వెళ్ళే రక్తనాళం గోడ చీలడం అరుదు. కానీ చీలితే పక్షవాతం. పైగా ఆ నాళం అప్పటికే చీలుతున్న మనిషి కూడా మెడనొప్పి, తలనొప్పి అనే వస్తాడు. అలవాటు లేని కొత్త తలనొప్పి, కళ్ళు తిరగడం, రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగడం కష్టం, ముఖం తిమ్మిరి, ఉన్నట్టుండి పడిపోవడం: ఇవి ఉంటే చేతులు వెనక్కి. ఇవి లేకపోయినా నెమ్మదిగా కీళ్ళు కదిలించే మొబిలైజేషన్, వ్యాయామంతోనే మెడనొప్పి చాలామందికి దారికొస్తుంది. లాభం అంతే వచ్చేటప్పుడు ఆ ముప్పు ఎందుకు? సెలూన్లో షేవింగ్ తర్వాత మెడ విరిపించుకునే అలవాటు మన మగవాళ్ళకు ఉంది. అది మానమని చెప్పడం కూడా మన పనే.

ఇంత వడపోశాక మిగిలేవాళ్ళు ఎవరు? నిజానికి ఎక్కువమంది వీళ్ళే. డెల్టాలో నాట్లు వేసి నడుము పట్టేసినవాళ్ళు, రొయ్యల చెరువు గట్టు మీద 25 కిలోల మేత బస్తాలు మోసేవాళ్ళు, పొగాకు బేరన్లలో కర్రలు ఎక్కించి దించేవాళ్ళు, ఆటోవాళ్ళు. వీళ్ళలో తోపు ఎవరికి బాగా పనిచేస్తుందో ముందే అంచనా వేయడానికి రెండు గుర్తులు చాలు: నొప్పి మొదలై పదహారు రోజులు దాటకపోవడం, నొప్పి మోకాలి కిందికి దిగకపోవడం. ఈ రెండూ ఉన్నవాళ్ళకు వెంటనే తేడా తెలిసే అవకాశం ఎక్కువ. ఆర్నెల్ల పాత నొప్పికి ఒంటరిగా తోపు పెద్దగా చేసేదేమీ లేదు. వ్యాయామం చేయించడానికి దారి తెరిచేంత ఉపశమనం ఇస్తే అదే గొప్ప. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుంనొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహన చెప్పడంతో పాటు వెన్ను మానిప్యులేషన్‌నూ, అంటే ఈ తోపు పద్ధతినీ చేర్చింది, అదీ షరతులతో.

అవే మార్గదర్శకాలు ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), అల్ట్రాసౌండ్, టెన్స్ (చర్మం మీంచి కొద్దిగా కరెంటు పెట్టడం), నడుము బెల్టు మామూలుగా వాడొద్దన్నాయి. ఇది మన ఫిజియో గదులకు కాస్త ఇబ్బందికరమైన మాట. మన దగ్గర ఉన్న మెషీన్లన్నీ దాదాపు అవే కదా. రోగి కూడా "కరెంటు పెట్టించుకోడానికి" వస్తాడు. పది నిమిషాలు మెషీను పెట్టి పంపితే ఇద్దరికీ సులువు. ఆ పది నిమిషాలే పరీక్షకు, చేతి పనికి, వ్యాయామం నేర్పడానికి కావలసింది. ఎంఆర్‌ఐ రిపోర్టు చేతిలో పట్టుకొని భయపడుతూ వచ్చేవాళ్ళకు చెప్పవలసింది ఒకటుంది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళకు ఎంఆర్‌ఐ తీసినా వందలో ముప్పై మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోతుంది. రిపోర్టులో ఉన్న ప్రతిదీ నొప్పికి కారణం కాదు.

ఇప్పుడు చేతి పని. మొదటి తప్పు టేబుల్ దగ్గరే మొదలవుతుంది. మన ఆసుపత్రుల్లో ఇనుప పరీక్ష టేబుల్ ఎత్తు దాదాపు 80 సెంటీమీటర్లు. అంత ఎత్తులో ఒంటి బరువు వాడలేం. భుజాల బలంతో తోస్తాం. అప్పుడు తోపు నిదానంగా, పెద్దగా వస్తుంది, రోగికి నొప్పి, మనకు భుజంనొప్పి. వడ్రంగితో చెక్క టేబుల్ చేయించుకోండి: పొడవు 190, వెడల్పు 60, ఎత్తు 55 సెంటీమీటర్లు, పైన 5 సెంటీమీటర్ల గట్టి ఫోము, రెక్సిన్, ముఖం పెట్టుకోడానికి రంధ్రం. ఫోము మెత్తనిదైతే మనం పెట్టే బలాన్ని అదే తాగేస్తుంది. టేబుల్ మీకు తొడ మధ్యకు రావాలి. పొట్టివాళ్ళు కింద పీట వేసుకోండి.

నడుముకు పక్కకు పడుకోబెట్టి చేసేది చెప్తాను. నొప్పి ఉన్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. తల కింద దిండు, మెడ తిన్నగా. కింది కాలు చాపి ఉండాలి. పై మోకాలు మడిచి, పాదాన్ని కింది మోకాలి వెనక ఆనించాలి. చీర కట్టుకున్నవాళ్ళకు కుచ్చిళ్ళు బిగుసుకుని కాలు మడవడం కుదరదు. దుప్పటి కప్పి, కాస్త వదులు చేసుకోమనండి. తోడు వచ్చిన ఆడమనిషిని గదిలోనే ఉంచండి. మగ థెరపిస్టులు ఇది విడిగా గుర్తుంచుకోవాలి: చెయ్యి ఎక్కడ పెడతామో ముందే చెప్పి, సరే అన్నాకే పెట్టాలి.

తర్వాత కింది చేతిని మెల్లగా ముందుకు, పైకి లాగితే పై ఒళ్ళు వెల్లకిలా తిరుగుతుంది. మీ రెండో చేతి వేళ్ళు నడుము పూసల మధ్య పెట్టి ఉంచండి. ఆ తిరుగుడు మీరు అనుకున్న పూస దగ్గరికి రాగానే వేలికి తెలుస్తుంది, అక్కడ ఆపాలి. ఎక్కువమంది ఇంకా తిప్పుతూ పోతారు. అప్పుడు కీలు కాకుండా నడుమంతా మెలి పడుతుంది, పక్కటెముకలు నొప్పెడతాయి. ఇప్పుడు మీ ముంజేయి పిరుదు పైభాగం మీద ఆనించి, కటిని మీ వైపు తిప్పుతూ ఉన్న వదులంతా తీసేయాలి. ఇక్కడ పది సెకన్లు ఊరికే పట్టి ఉంచండి. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరి వచ్చినా ఆపేయండి. తోపు లేదు. ఏమీ లేకపోతే గాలి వదలమనండి. వదలడం చివర, ఒళ్ళు వదులైన క్షణంలో, మీ ఒంటి బరువుతో చిన్న, చురుకైన తోపు. ఎంత? కనీకనిపించనంత దూరం. చూసేవాళ్ళకు ఏమీ చేయనట్టు ఉండాలి. వీడియోల్లో కనిపించేది నాటకం.

తోపు మీద ధైర్యం లేనివాళ్ళు, లేదా రోగి భయపడితే, బోర్లా పడుకోబెట్టి అరచేతి మడమతో పూస మీద లయగా నొక్కండి. సెకనుకు ఒకటి రెండు సార్లు, 30 సెకన్లు, అట్లా మూడు విడతలు. ఫలితంలో పెద్ద తేడా ఉండదు. కొత్తవాళ్ళు రెండేళ్ళపాటు ఇదే చేసినా నష్టం లేదు.

చేసిన తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు పచ్చిగా, కొత్త నొప్పిగా ఉండొచ్చని ముందే చెప్పండి. దాదాపు సగం మందికి ఉంటుంది. చెప్పకపోతే మర్నాడు ఊళ్ళో "పెద్దాసుపత్రిలో నడుం విరగ్గొట్టారు" అని ప్రచారం. తెలుగులో రాసిన అంగీకార పత్రం చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఏ పూస, ఏ వైపు, ముందూ వెనకా నొప్పి పదికి ఎంత, ఓపీ చీటీ మీదే రాయండి. రిజిస్టరు మనది, చీటీ రోగిది. రేపు నెల్లూరు వెళ్ళినా చీటీ వెంట వెళ్తుంది.

కనిగిరి నుంచి ఒంగోలుకు వారానికి మూడుసార్లు ఎవరూ రాలేరు. బస్సు ఛార్జీ ఒకటి, కూలి పోవడం రెండోది. వారానికొకసారి, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు. మూడోసారికి నొప్పిలో గానీ, ఎంతసేపు నడవగలరు కూర్చోగలరు అన్నదాంట్లో గానీ ఏ మార్పూ లేకపోతే తోపు ఆపి మళ్ళీ మొదటినుంచి పరీక్షించండి. అప్పుడే చాలాసార్లు తప్పిపోయిన టీబీ దొరుకుతుంది. మధ్య రోజుల్లో పని ఇంట్లో: బోర్లా రెండు మూడు నిమిషాలు పడుకోవడం, తర్వాత మోచేతుల మీద లేవడం, కుదిరితే అరచేతుల మీద లేచి పదిసార్లు, రెండు మూడు గంటలకొకసారి. కాల్లో నొప్పి నడుములోకి వెనక్కి వస్తే మంచిది, నడుములో పెరిగినా సరే. కాల్లోకి ఇంకా దిగితే ఆపాలి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడక. నాటు వేసేవాళ్ళు అరగంటకోసారి లేచి నడుము మీద రెండు చేతులూ పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగాలి. ముఠా మేస్త్రికి చెబితే అందరూ ఒకేసారి లేస్తారు. ఒక్కరే లేస్తే మాటలు పడాలి.

సీహెచ్‌ఓలూ, మీరు తోపు చేయరు, చేయకూడదు. మీ చేతిలో ఉన్నది అంతకంటే పెద్ద పని. ఊరు, పళ్ళు, మూడు వంగుళ్ళు, జ్వరం బరువు, గర్భసంచి, సూదులు, మూత్రం స్పర్శ, మడమల మీద మునివేళ్ళ మీద నడక. ఐదు నిమిషాలు. మడమల మీద నడవలేకపోతే ఒక నరం, మునివేళ్ళ మీద నిలబడలేకపోతే ఇంకొక నరం బలహీనపడ్డట్టు. రెండూ తోపుకు పంపకూడని కేసులే, ముందు డాక్టరుకు. రెఫరల్ చీటీలో "నడుంనొప్పి, ఫిజియోకు" అని రాస్తే మాకు ఏమీ రాయనట్టే. "పుట్టిన ఊరు ఇది, పళ్ళ మీద చారలు లేవు, జ్వరం లేదు, మడమ నడక బాగుంది" అని రాస్తే మా పది నిమిషాలు మిగుల్తాయి. పుత్తూరు కట్టో, ఊళ్ళో పిండి కట్టో వేయించుకొని వచ్చి ఉంటే అదీ రాయండి. తిట్టి పంపితే ఈసారి చెప్పకుండా దాస్తారు.

మాటలు చాలు. అటు రెండు టేబుళ్ళు వేయించాం. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు పడుకోండి, ఒకరు పడుకోబెట్టండి. ముందు మూడు వంగుళ్ళు, తర్వాత కాలు పైకెత్తే పరీక్ష, తర్వాత వదులు తీసేదాకా. తోపు మాత్రం ఇవాళ ఎవరూ ఎవరి మీదా చేయడానికి లేదు.